హైదరాబాదులో క్లోరోఫారం పరీక్ష – డాక్టర్ ఎడ్వర్డ్ లౌరీ జీవితము



మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఏ ఇంట్లోనైనా ఆపరేషన్ అనే మాట వినబడితే చాలు, ఇంటిల్లిపాది ముఖాలు వాడిపోతాయి. విచారించి చూస్తే మనవాళ్ళకు కత్తి అంటే వుండే భయము కన్నా మత్తు అంటే వుండే భయమే పెద్దది. కోసేది కనబడదు, నొప్పి తెలియదు, సరే; కాని మత్తు ఎక్కిన మనిషి మళ్ళీ కళ్ళు తెరుస్తాడా అని ఇంట్లో పెద్దలు అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో హెర్నియా ముదిరిపోతుంది, కడుపులో గడ్డ పెరిగిపోతుంది, ఈ పండుగ పోయినాక చూద్దాము, ఆ పెళ్ళి అయినాక చూద్దాము అని యేళ్ళు గడిచిపోతాయి.

ఈ ప్రశ్న అడిగినవారు చదువు లేనివారు మాత్రమే కాదు. సుమారు 130 యేళ్ళ క్రిందట ప్రపంచములోని పెద్ద పెద్ద డాక్టర్లు ఇదే ప్రశ్న మీద రెండు జట్లుగా చీలి పోట్లాడుకున్నారు. ఆ తగవు తీర్చడానికి పరీక్ష జరిగిన స్థలము లండను కాదు, పారిస్ కాదు, మన హైదరాబాదు. పరీక్షకు ధనమిచ్చినవారు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్. పరీక్ష నడిపించినవారు డాక్టర్ ఎడ్వర్డ్ లౌరీ. శస్త్రచికిత్స చరిత్రలో మన తెలుగు నేలకు దక్కిన స్థానము ఆయన వలన దక్కినది. ఆయన గొప్పతనము, ఆయన పొరపాటు రెండూ మనకు పనికివచ్చేవే. కాబట్టి రెండూ చెప్పుకుందాము.

1846వ సంవత్సరము

లౌరీ 1846లో పుట్టినారు. అదే సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరములో మోర్టన్ అనే పళ్ళ డాక్టరు అందరి ఎదుట ఒక రోగికి ఈథర్ అనే ద్రవము ఆవిరి పట్టించి నిద్రపుచ్చగా, సర్జన్ అతని మెడ మీది కణితి కోసినాడు. నొప్పి లేకుండా ఆపరేషన్ చేయవచ్చునని లోకానికి తెలిసిన రోజు అది. అదే 1846లో హైదరాబాదులో నాసిరుద్దౌలా నిజాము కాలములో వైద్య పాఠశాల మొదలైనది. డాక్టర్ మెక్లీన్ దానికి మొదటి పెద్ద. పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. పాసైనవారికి హకీం అనే పట్టా ఇచ్చేవారు. పేరు హకీం అయినా వారు నేర్చినది యూరోపు పద్ధతి వైద్యము, శరీర నిర్మాణము, శస్త్రచికిత్స.

ఒక పిల్లవాడి పుట్టుక, ఒక మందు పుట్టుక, ఒక పాఠశాల పుట్టుక, మూడూ ఒకే యేడు. నలభై యేళ్ళ తరువాత ఈ మూడూ ఒకే చోట కలుసుకున్నవి.

మత్తుకు ముందు ఆపరేషన్ ఎట్లుండేదో ఒకసారి తలుచుకోవాలి. మనిషిని బల్లకు కట్టి, నలుగురు బలమైనవారు కాళ్ళు చేతులు అదిమి పట్టుకుంటే సర్జన్ కోసేవాడు. ఎంత త్వరగా కోస్తే అంత గొప్ప సర్జన్. కాలు తీయడము నిమిషాల పని. కడుపు తెరిచి తీరికగా చూసే మాటే లేదు. శరీరములో ఏది ఎక్కడ వున్నదో తెలియక కాదు. పదవ శతాబ్దములో స్పెయిన్ దేశపు కార్డోవా నగరము దగ్గర వుండిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ ముప్పై భాగాల వైద్య గ్రంథము రాసి, చివరి భాగము పూర్తిగా శస్త్రచికిత్సకే కేటాయించి, సుమారు రెండు వందల పరికరాల బొమ్మలు గీసి చూపినాడు. పదమూడవ శతాబ్దములో దమాస్కసులో పెరిగి కైరోలో వైద్యము చేసిన ఇబ్నున్నఫీస్, గుండె కుడివైపు రక్తము నేరుగా ఎడమవైపుకు పోదని, ఊపిరితిత్తుల గుండా తిరిగి వస్తుందని తేల్చి చెప్పినాడు. గుండెకు ఊపిరికి వున్న ఈ పొత్తు సంగతి యూరోపువారు కనుక్కోవడానికి ఇంకా మూడు వందల యేళ్ళు పట్టినది. ఇక మన దేశములో సుశ్రుతుని పేరు తెలియనివారెవరు? జ్ఞానము వుండినది, పరికరాలు వుండినవి. లేనిదల్లా రోగికి నొప్పి లేని నిద్ర. ఆ నిద్ర దొరికినాకనే సర్జన్‌కు తీరిక దొరికినది, పుస్తకములో వున్న శరీర జ్ఞానము బల్ల మీది రోగికి పూర్తిగా అక్కరకు వచ్చినది.

కాలివేలి గోరు, ఒక ప్రాణము

ఈథర్ వచ్చిన మరుసటి యేడే, 1847 నవంబరులో, స్కాట్లాండులోని ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ అనే కాన్పుల డాక్టరు క్లోరోఫారం వాడి చూసినాడు. ఇది ఈథర్ కన్నా తేలిక. కమ్మని వాసన, కొద్దిగా వాడితే చాలు, త్వరగా నిద్ర పడుతుంది, ఈథర్ మాదిరి మంట అంటుకోదు. గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసి ముక్కు దగ్గర పెడితే పని అయిపోతుంది. కొన్ని వారాలలోనే ఊరూరా పాకినది. 1853లో విక్టోరియా రాణి కూడా కాన్పు సమయములో జాన్ స్నో అనే డాక్టరు చేత క్లోరోఫారం తీసుకున్నది. ఇక ఎవరికీ అభ్యంతరము లేకపోయినది.

కాని అంతకు ముందే ఒక ఘోరము జరిగివున్నది. 1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గర ఒక పల్లెలో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్లకు కాలివేలి గోరు తీయడానికి క్లోరోఫారం ఇచ్చినారు. అంతకు ముందొకసారి ఈథర్‌తో ఆ పిల్లకు ఆపరేషన్ జరిగింది, ఏమీ కాలేదు. ఈసారి పిల్ల భయపడుతూ కూర్చున్నది. గుడ్డ ముక్కు దగ్గర పెట్టినారు. కోత మొదలైన కొద్ది సేపటికే ముఖము తెల్లబోయినది. నీళ్ళు చల్లినారు, బ్రాందీ తాగించబోయినారు. మూడు నిమిషాలలో ప్రాణము పోయినది. గోరు తీయడానికి వచ్చిన పిల్ల శవమై ఇంటికి పోయినది.

ఎందుకు చనిపోయినది? ఇక్కడే తగవు మొదలు. గుండె ఆగిపోయినదని జాన్ స్నో అన్నాడు. కాదు, మత్తులో వున్నప్పుడు నోట్లో పోసిన బ్రాందీ గొంతులో అడ్డుపడి ఊపిరి ఆడక పోయినదని సింప్సన్ అన్నాడు. గుండెనా, ఊపిరినా? ఇది మాటల తగవు కాదు. మత్తు ఇచ్చే మనిషి ఆ సమయములో ఎటు చూడాలి అన్నది దీని మీదనే ఆధారపడినది. గుండె అయితే వేలు నాడి మీద పెట్టుకుని కూర్చోవాలి. ఊపిరి అయితే ఛాతీ మీద చూపు నిలపాలి. తప్పు చోట చూస్తే రోగి చేయి జారిపోతాడు.

లండను డాక్టర్లు ఎక్కువమంది నాడి పట్టుకున్నారు. ఎడింబరోలో జేమ్స్ సైమ్ అనే గొప్ప సర్జన్ మాత్రము తన శిష్యులకు వేరే పాఠము చెప్పినాడు. నాడి జోలికి పోవద్దు, ఊపిరిని మాత్రమే చూడండి, ఊపిరి మారినదా, గుడ్డ తీసేయండి, నాలుక ముందుకు లాగండి. ఇదీ ఆయన బోధ. శస్త్రచికిత్సలో క్రిములను చంపే పద్ధతి తెచ్చిన లిస్టర్ ఈ సైమ్‌కు అల్లుడు, ఆయనదీ ఇదే మాట. ఈ సైమ్ దగ్గర చదువుకున్నవారే మన లౌరీ. గురువు చెప్పిన పాఠము ఆయన బ్రతికినంత కాలము వదలలేదు. ఆయన బలము అదే, బలహీనత కూడా అదే.

హైదరాబాదుకు రాక

లౌరీ చదువు ముగించి ప్రభుత్వ వైద్య శాఖలో చేరి మన దేశము వచ్చినారు. లాహోరు వైద్య విద్యాలయములో శస్త్రచికిత్స బోధించినారు. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా నియమితులైనారు. దానితోపాటు వైద్య పాఠశాల బాధ్యత, మూసీ ఒడ్డున వున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి పని కూడా ఆయన చేతికి వచ్చినవి. 1901 దాకా, అంటే పదహారేళ్ళు, అక్కడే పనిచేసినారు.

మన కడప జిల్లా అప్పటికి నిజాము చేతి నుండి పోయి ఎనభై అయిదేళ్ళు అయినది. 1800లో దత్తమండలాలు కుంఫిణీ వారికి ఇచ్చివేసినప్పటి నుండి మన వైద్యము, మన బడులు మద్రాసు వైపు తిరిగినవి. అయినా ఉర్దూ మాట్లాడే కుటుంబాలకు హైదరాబాదు అంటే పరాయి ఊరు కాదు.

లౌరీ వచ్చినాక పాఠశాలలో రెండు ముఖ్యమైన మార్పులు జరిగినవి. బోధన ఉర్దూ నుండి ఇంగ్లీషుకు మారినది. రెండవది, ఆడపిల్లలను చేర్చుకున్నారు. 1885 నాటికి మన దేశములో చాలా చోట్ల ఆడపిల్లకు ప్రాథమిక పాఠశాలే దూరము. అటువంటి రోజులలో హైదరాబాదులో కొందరు ఆడపిల్లలు డాక్టరు చదువులో కూర్చున్నారు. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి ఒకరు. హకీం పట్టా పొంది, మత్తు ఇవ్వడమే తన వృత్తిగా పెట్టుకుని, హైదరాబాదు ఆసుపత్రులలో ఎన్నో యేళ్ళు పనిచేసినది. 1909లో ఎడింబరో పోయి పై చదువు చదివి తిరిగి వచ్చినది. ప్రపంచములోనే మత్తు డాక్టరుగా పనిచేసిన మొట్టమొదటి ఆడవారిలో ఆమెను లెక్కిస్తారు. లౌరీ శిష్యులలో ఎంతమంది పేర్లు చరిత్రలో నిలిచినా, ఈమె పేరు ముందు వుంటుంది.

మత్తు ఇచ్చే పద్ధతి లౌరీ చాలా సులువుగా వుంచినారు. గుడ్డతో చేసిన పొడుగాటి టోపీ లాంటిది, లోపల కాస్త దూది, దాని మీద క్లోరోఫారం. టోపీ ముఖానికి గట్టిగా అదమకూడదు, గాలి ఆడాలి. రోగిని భయపెట్టకూడదు, మెల్లగా మామూలుగా ఊపిరి పీల్చమనాలి. గింజుకుంటే, ఊపిరి బిగబట్టితే ఆపాలి. మత్తు ఇచ్చేవాడు ఆపరేషన్ వైపు తల తిప్పి చూడకూడదు. మొదటి నుండి చివర దాకా ఊపిరి ఒక్కటే అతని పని. ఈ పద్ధతిలో వేలాది మందికి మత్తు ఇచ్చి, తమ చేతిలో క్లోరోఫారం వలన ఒక్కరూ పోలేదని ఆయన ధైర్యముగా చెప్పుకున్నారు.

రెండు పరీక్షలు

అటువైపు ఇంగ్లండులో క్లోరోఫారం చావుల వార్తలు ఆగలేదు. 1880 ప్రాంతములో గ్లాస్గో నగరపు డాక్టర్ల సంఘము ఒకటి జంతువుల మీద పరీక్షించి, క్లోరోఫారం గుండెను దెబ్బ తీస్తుందని తేల్చినది. లౌరీకి ఇది మింగుడు పడలేదు. 1888లో నిజాము ప్రభుత్వ సాయముతో తానే ఒక పరీక్షా సంఘము పెట్టించినారు. దానినే మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ అంటారు. పాట్రిక్ హెహిర్ అనే డాక్టరు దాని అధ్యక్షుడు. నూటికి పైగా వీధికుక్కలకు క్లోరోఫారం ఇచ్చి చూసినారు. అన్నిటికీ ముందు ఊపిరి ఆగినది, తరువాతనే గుండె ఆగినది. గురువు సైమ్ మాట నిజమని లౌరీ సంతోషించినారు.

1889 మొదట్లో విక్టోరియా రాణి కొడుకు కన్నాట్ డ్యూకు దంపతులు హైదరాబాదు వచ్చినప్పుడు పాఠశాల బహుమతుల సభలో లౌరీ ఈ సంగతి ప్రకటించినారు. లండనులోని లాన్సెట్ అనే వైద్య పత్రిక నమ్మలేదు. యూరోపులో అంతమంది పెద్దలు చూసినది హైదరాబాదులో ఎట్లా తప్పవుతుందని సందేహము వెలిబుచ్చినది.

అప్పుడు లౌరీ చేసిన పని గమనించదగినది. మామూలు మనిషి అయితే కోపము తెచ్చుకుని వూరుకుంటాడు, లేకపోతే తన మనుషుల చేత మళ్ళీ అదే మాట చెప్పిస్తాడు. లౌరీ అట్లా చేయలేదు. నమ్మనివాళ్ళనే పిలిపించినారు. మీకు నమ్మకమున్న మనిషిని మీరే పంపండి, ఆయన కళ్ళ ఎదుట పరీక్ష చేస్తాము, ఖర్చు మేము పెట్టుకుంటాము అని కబురు పెట్టించినారు. నిజాము వెయ్యి పౌండ్లు మంజూరు చేసినారు. ఆ రోజులలో అది చిన్న మొత్తము కాదు.

లాన్సెట్ పత్రిక తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ బయలుదేరి వచ్చినారు. గుండె నొప్పికి వాడే మందు ఒకటి కనిపెట్టి పేరు తెచ్చుకున్నవాడు, లండను సెయింట్ బార్తలోమ్యు ఆసుపత్రి డాక్టరు. క్లోరోఫారం గుండెకు అపాయమని నమ్మిన పక్షము ఆయనది. 1889 అక్టోబరు నుండి డిసెంబరు వరకు రెండవ కమిషన్ పనిచేసినది. లౌరీ అధ్యక్షులు. బ్రంటన్, బాంఫర్డ్, రుస్తుంజీ సభ్యులు. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు, గుర్రాలు, అన్నీ కలిపి వందల సంఖ్యలో జంతువుల మీద పరీక్షలు జరిగినవి. కొన్నిటికి రక్తనాళానికి గొట్టము తగిలించి, రక్తపు ఒత్తిడి హెచ్చుతగ్గులు తిరిగే డోలు మీది కాగితముపై గీతలుగా పడేటట్లు ఏర్పాటు చేసినారు. ఇన్ని మూగజీవాలు పోయినందుకు నేడు చదివేవారికి మనసు బాధపడుతుంది. ఈ కాలములో అయితే కట్టుబాట్లు వున్నవి, అట్లా చేయనివ్వరు.

ఫలితము మళ్ళీ అదే వచ్చినది. ఊపిరి ముందు, గుండె తరువాత. బ్రంటన్ తన పూర్వపు అభిప్రాయము మార్చుకుని ఆ సంగతి లండనుకు తంతి ద్వారా తెలియజేసినారు. 1890లో లాన్సెట్ పత్రికలో వివరాలన్నీ అచ్చు పడినవి. 1891లో రెండు కమిషన్ల నివేదిక బొంబాయిలో పుస్తకముగా వెలువడినది. హైదరాబాదు పేరు ప్రపంచ వైద్య పత్రికలన్నిటికీ ఎక్కినది.

గెలిచిన తరువాత

కథ ఇక్కడ ఆగిపోతే అందరికీ సంతోషమే. కాని నిజము ఇంకా నడక సాగించింది.

1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొత్త రకపు పరీక్ష చేసినారు. ఒక జంతువు మెదడుకు వేరే జంతువు రక్తము అందేటట్లు చేసి, క్లోరోఫారం మెదడుకు తగలకుండా గుండెకు మాత్రము తగిలితే ఏమవుతుందో చూసినారు. గుండె నేరుగా దెబ్బ తినే మాట నిజమని తేలినది. లౌరీ ఒప్పుకోలేదు. పత్రికలకు జవాబులు రాసినారు. 1901లో క్లోరోఫారం గురించి పుస్తకము ప్రకటించి, లండనులో తన పద్ధతి స్వయముగా చేసి చూపించినారు. కాని మాట మాత్రము మార్చుకోలేదు.

ఇంకో విషయములో కూడా ఆయన పట్టు ఇట్లే వుండినది. చలిజ్వరానికి రక్తములో వుండే ఒక క్రిమి కారణమని లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు చెప్పిన సంగతిని లౌరీ నమ్మలేదు. ఆయన హైదరాబాదులో వుండగానే, ప్రక్కనే సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని పట్టుకుని నోబెల్ బహుమతికి దారి వేసుకున్నాడు. పది మైళ్ళ లోపల జరిగిన గొప్ప సంగతి.

క్లోరోఫారం తగవు చివరకు తేలినది 1911లో. లండనులో గుడ్‌మన్ లేవీ అనే డాక్టరు పిల్లుల మీద పరీక్షించి అసలు గుట్టు కనిపెట్టినాడు. మత్తు పూర్తిగా ఎక్కినప్పుడు కాదు, సగము ఎక్కినప్పుడే అపాయము. మనిషి గానీ జంతువు గానీ భయపడినప్పుడు శరీరములో అడ్రినలిన్ అనే పదార్థము పొంగుతుంది. ఆ సమయములో కొద్దిపాటి క్లోరోఫారం తగిలితే గుండె సక్రమముగా కొట్టుకోవడము మాని, గిలగిలలాడినట్లు అదిరి హఠాత్తుగా ఆగిపోతుంది. ఊపిరి అప్పటికి ఇంకా ఆడుతూనే వుంటుంది.

ఇప్పుడు హన్నా గ్రీనర్ సంగతి మళ్ళీ తలుచుకోండి. భయపడుతూ కూర్చున్న పిల్ల, మొదటి నిమిషాలు, పూర్తిగా ఎక్కని మత్తు, చిన్న కోత. లేవీ చెప్పిన కారణము అటువంటి మరణాలకు సరిగ్గా సరిపోతుంది. హైదరాబాదు పరీక్షలలో ఇది ఎందుకు కనబడలేదంటే, అక్కడ జంతువులకు చచ్చేదాకా మోతాదు మించి క్లోరోఫారం ఇచ్చి చూసినారు. మోతాదు మించితే ముందు ఆగేది ఊపిరే. వాళ్ళు చూసినది అబద్ధము కాదు. కాని ఆసుపత్రిలో పేదరోగి ఏ సమయములో ఎట్లా పోతున్నాడో ఆ ప్రశ్న వాళ్ళు అడగలేదు. చావుకు రెండు దారులు వుంటే ఒక దారినే కాపలా కాసినారు.

లౌరీ 1915లో మరణించినారు. ఆయన పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి అప్పటికే లేదు. 1908 సెప్టెంబరు మూసీ వరదలో అది కొట్టుకుపోయినది. ఆ ప్రాంతములోనే తరువాత ఉస్మానియా ఆసుపత్రి లేచినది. లౌరీ నడిపిన పాఠశాల పెరిగి ఉస్మానియా వైద్య కళాశాల అయినది. క్లోరోఫారం కూడా ఇరవయ్యవ శతాబ్దము మధ్యకు వచ్చేసరికి మెల్లగా వాడుక నుండి తప్పుకున్నది. అంతకంటే మేలైన మందులు వచ్చినవి.

మనము నేర్చుకోవలసినది

మరి లౌరీని ఎట్లా జ్ఞాపకము పెట్టుకోవాలి? పొరపడిన మనిషి అనా? నా అభిప్రాయము అది కాదు. గుండె విషయములో ఆయన పొరపడినారు. కాని మత్తులో వున్న మనిషి ఊపిరి మీద నుండి చూపు తిప్పకూడదు, మత్తు ఇచ్చేవాడికి ఇంకో పని వుండకూడదు అన్న ఆయన నియమము చిరకాలము నిలిచింది. లౌరీ చేతిలో వేలమంది బ్రతికి లేచినది ఆ నియమము వలననే. శిష్యులలో ఆడవారికి స్థానమివ్వడము, తన మాటను శత్రుపక్షము ఎదుట పరీక్షకు పెట్టడము కూడా చిన్న సంగతులు కావు. ఒక్కటే కొరత. పరీక్ష తనకు అనుకూలముగా వచ్చినప్పుడు అందరూ ఒప్పుకోవాలన్నాడు. ఎదురు తిరిగినప్పుడు తాను మాత్రము ఒప్పుకోలేకపోయినాడు. చదువుకున్నవాళ్ళ ఇళ్ళలో, సంఘాలలో మనమంతా చూసే గుణమే ఇది.

ఆ తగవులో రెండు పక్షాలూ సగము సగము నిజము చెప్పినవి. అందుకే నేటి ఆపరేషన్ గదిలో రెండిటినీ చూస్తారు. వేలికి తగిలించే చిన్న క్లిప్పు రక్తములో ప్రాణవాయువు ఎంత వున్నదో చెబుతుంది. ఛాతీకి అంటించిన తీగెలు గుండె కొట్టుకునే తీరు గీతలుగా చూపుతాయి. బయటికి వచ్చే ఊపిరిని కొలిచే యంత్రము వున్నది. వాటిని చూస్తూ తల దగ్గర కూర్చునే డాక్టరు వేరు, కోసే డాక్టరు వేరు. మనవాళ్ళు సర్జన్ పేరు పది మందిని అడిగి తెలుసుకుంటారు గానీ, మత్తు డాక్టరు ఎవరని ఒక్కరూ అడగరు. ఇకనుండి అడగండి. తప్పేమీ లేదు.

ఇంకో రెండు మాటలు, ముఖ్యముగా ఇంట్లో ఆడవాళ్ళు గమనించాలి.

హన్నా గ్రీనర్ గొంతులో బ్రాందీ పోయినదన్న సింప్సన్ మాటలో కూడా ఒక పాఠము వున్నది. మత్తులో వున్న మనిషికి మింగే శక్తి, దగ్గే శక్తి వుండవు. కడుపులో వున్నది పైకి వస్తే ఊపిరితిత్తులలోకి పోతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు మామూలుగా ఆరు గంటలైనా అన్నము పెట్టవద్దంటారు. నీళ్ళ సంగతి కూడా డాక్టరు చెప్పినట్లే చేయాలి. రంజాను నెలంతా ఉపవాసముండే కుటుంబాలకు ఆరు గంటలు ఒక లెక్క కాదు. కాని బిడ్డ ఆకలి అని ఏడిస్తే తల్లి మనసు ఆగదు, నర్సు చూడకుండా రెండు బిస్కెట్లు, అర గ్లాసు పాలు పట్టిస్తుంది. ప్రేమతోనే చేస్తుంది గానీ ప్రాణానికి ముప్పు తెస్తుంది. పొరపాటున పెట్టివుంటే దాచవద్దు, వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆపరేషన్ కొన్ని గంటలు వెనక్కు పోతుంది, అంతే.

రెండవది, దాపరికము పనికిరాదు. ఆయాసము, రక్తపోటు, చక్కెర జబ్బు, రోజూ మింగే మాత్రలు, బీడీ, గుట్కా, వదులైన పళ్ళు, ఇంతకు ముందు మత్తుకు ఎవరికైనా ఇంట్లో తేడా చేసివుంటే ఆ సంగతి, అన్నీ మత్తు డాక్టరుకు చెప్పాలి. పెద్దవాళ్ళ ఎదుట బీడీ మాట చెప్పడానికి సిగ్గుపడే కుర్రవాళ్ళు డాక్టరుతో విడిగా అయినా చెప్పాలి.

మన తాతల కాలములో పెద్ద ఆపరేషన్ అంటే ఎర్రగుంట్లలో రైలెక్కి మద్రాసు పోవడమో, లేదా వేలూరు పోవడమో. తరువాత కర్నూలు పెద్దాసుపత్రి దగ్గరైనది. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి పేరు ఈ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలుసు. 2006 నుండి కడపలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి వున్నది. దారి దగ్గరైనది గానీ భయము మాత్రము అట్లే వున్నది. మత్తులో అపాయము బొత్తిగా లేదని ఎవరూ చెప్పలేరు. కాని అపాయము ఎక్కడ వున్నదో తెలుసుకుని కాపలా కాసేవాళ్ళు తల దగ్గర వున్నారు. ఆ కాపలా నేర్పిన పాఠశాలలలో మన హైదరాబాదు ఒకటి. కాబట్టి ఇంట్లో ఎవరికైనా డాక్టరు ఆపరేషన్ చెప్పివుంటే, మత్తు భయముతో వాయిదా వేయవద్దు. భయము వుంటే ఆ భయమునే తీసుకుపోయి మత్తు డాక్టరు ఎదుట పెట్టి అడగండి. జవాబు చెప్పడము వారి పని.